లైకుకు డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది?

'రాయండి, సంపాదించండి, మధ్యలో కంపెనీ ఉండదు.' బ్లాక్‌చెయిన్ సోషల్ నెట్‌వర్కులు దాదాపు పదేళ్లుగా చెబుతున్న మాట ఇదే. మధ్యలో కంపెనీ లేదన్నది కొంతవరకు నిజం. సంపాదన కూడా అబద్ధమేమీ కాదు. యూట్యూబ్‌లో క్రియేటర్‌కు వచ్చే సొమ్ము ఎక్కువగా ప్రకటనదారుడిది, ప్యాట్రియాన్‌లో అభిమానిది. ఇక్కడ ఎవరిది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే ఎవరు బతుకుతారో, ఎవరు మూడు నెలలకే మానేస్తారో చాలావరకు ముందే చెప్పొచ్చు.

ఇందుకు స్టీమ్ అనే బ్లాక్‌చెయిన్, దాని నుంచి విడిపోయిన హైవ్ కన్నా మంచి ఉదాహరణ లేదు. నెడ్ స్కాట్, డాన్ లారిమర్ 2016 మార్చిలో స్టీమ్‌ను మొదలుపెట్టారు. ఆ ఏడాది జులై 4న రచయితలకు తొలి చెల్లింపులు అందాయి. ప్రకటనలు లేవు, చందాలు లేవు, చదివేవాళ్లు పైసా పెట్టలేదు. ఈ నెట్‌వర్కులో 3 సెకన్లకో బ్లాకు (లావాదేవీల కట్ట) తయారవుతుంది, బ్లాకుతోపాటు కొత్త కాయిన్లు పుడతాయి. 2016 చివర్లో ఈ పెరుగుదలను ఏడాదికి 9.5 శాతంగా ఖరారు చేశారు. ప్రతి 2.5 లక్షల బ్లాకులకు, అంటే సుమారు తొమ్మిది రోజులకోసారి, అది 0.01 శాతం తగ్గుతూ చివరికి 0.95 శాతం దగ్గర ఆగాలి. హైవ్‌దీ అదే లెక్క. పుట్టినవాటిలో 65 శాతం పోస్టుల రివార్డు నిధికి (దీన్ని పోస్టులకు పంచేది లైకులే, అక్కడ వాటిని ఓట్లంటారు), 15 శాతం కాయిన్లు లాక్ చేసుకున్నవాళ్లకు, 10 శాతం బ్లాకులు తయారుచేసే 'విట్‌నెస్‌'లకు, మిగతా 10 శాతం అభివృద్ధి ప్రతిపాదనల నిధికి వెళ్తాయి.

అంటే లైకు ఖర్చు మోసేది కాయిన్ దగ్గర పెట్టుకున్న ప్రతివాడూ. వాటా కాస్త కాస్త పలచబడుతూ ఉంటుంది, అదే అతను కట్టే మూల్యం. ఓటేసినవాడి జేబులోంచి మాత్రం రూపాయి కదలదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. ఎక్స్ఛేంజ్‌లో ఆ కాయిన్‌ను కొనేవాడు ఉన్నంతవరకు దీని వల్ల ఇబ్బంది లేదు. స్టీమ్ ధర 2018 జనవరిలో 8 డాలర్లు దాటింది. 2019 చివరికి 20 సెంట్ల లోపుకు వచ్చేసింది. మధ్యలో, 2018 నవంబర్‌లో, స్టీమ్ వెనకున్న స్టీమిట్ సంస్థ తన సిబ్బందిలో 70 శాతానికి పైగా మందిని తీసేసింది. రచయితల రాతలో తేడా రాలేదు, పాఠకులకు ఇష్టం తగ్గిందనడానికీ లేదు. కాయిన్ పడింది కాబట్టి కూలీ పడింది.

ఇప్పుడు హైవ్‌లో ఒక పోస్టును దగ్గర నుంచి చూద్దాం. పోస్టు కింద 10 డాలర్లు అని చూపిస్తోందనుకోండి. అందులో సగం, 5 డాలర్లు, ఓట్లేసినవాళ్లకు పోతుంది. వాళ్లను క్యూరేటర్లంటారు. మిగిలిన 5 రచయిత వాటా. మీరు వాడిన యాప్ 'బెనిఫిషియరీ'గా, అంటే వాటాదారుగా, 10 శాతం పెట్టుకుంటే అది కోసేది ఈ వాటాలోంచే, అంటే 50 సెంట్లు. మిగిలింది 4.50. మామూలు సెట్టింగులో దాంట్లో సగం హెచ్‌బీడీ రూపంలో వస్తుంది. ఇది డాలరు విలువకు దగ్గరగా ఉండేలా నడిపే కాయిన్. మిగతా సగం 'హైవ్ పవర్', అంటే లాక్ అయిన కాయిన్లు. వాటిని బయటికి తీయాలంటే 'పవర్ డౌన్' నొక్కాలి. అప్పుడు 13 వారాలపాటు వారానికో భాగం విడుదలవుతుంది. మన లెక్కలో అది వారానికి 17 సెంట్లు. మొత్తం మీద 10 డాలర్లని కనిపించిన పోస్టుకు ఏడో రోజున వెంటనే అమ్ముకోగలిగింది 2.25 డాలర్లు.

ఏడో రోజు అన్నది గుర్తుపెట్టుకోవాలి. హైవ్‌లో పోస్టు సంపాదించేది ఏడు రోజులే. ఆ తర్వాత దాన్ని లక్షమంది చదివినా నిధి నుంచి ఏమీ రాదు. మొత్తం రివార్డు 0.02 డాలర్లకు చేరని పోస్టుకైతే ఆ ఏడు రోజులకూ ఏమీ రాదు. మొత్తం వ్యవస్థలో హెచ్‌బీడీ అప్పు, అంటే చలామణిలో ఉన్న హెచ్‌బీడీల విలువ, హద్దు దాటితే హెచ్‌బీడీ బదులు మామూలు హైవ్ కాయిన్లు ఇస్తారు. ఆ పోస్టు కింద కనిపించే డాలరు లెక్క కూడా ఆ క్షణపు బజారు ధర కాదు, విట్‌నెస్‌లు ఇచ్చే ధరల మూడున్నర రోజుల మధ్యస్థం. అందుకే ధర ఒక్కసారిగా కూలినప్పుడు తెరమీది అంకె ఒకటి, అమ్మితే వచ్చేది మరొకటి.

వంటకం ఎలా చేయాలో, ఇన్వర్టర్ ఎలా బాగుచేయాలో చెప్పే పోస్టు ఏళ్ల తరబడి పనికొస్తుంది. ఆ తరహా రచయితలకు ఈ ఏడు రోజుల గడువు శుద్ధ నష్టం. రోజూ ఏదో ఒకటి రాసి పెట్టేవాడికి మాత్రం ఇది అనుకూలం. కాబట్టి అక్కడ డైరీ పోస్టులు పుష్కలంగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఇక ఓటు బరువు. లక్ష హైవ్ పవర్ ఉన్న ఖాతా వేసే ఒక్క ఓటు, 100 ఉన్న ఖాతా వేసే ఓటుకు వెయ్యి రెట్లు. పూర్తి బరువుతో వేసిన ఓటుకు 2 శాతం ఓటు శక్తి ఖర్చవుతుంది, రోజుకు 20 శాతం తిరిగి నిండుతుంది. అంటే రోజుకు పది పూర్తి ఓట్లు. పెద్ద ఖాతాదారుడు ఓటేస్తే అతనికీ క్యూరేషన్ వాటా వస్తుంది, వేయకపోతే ఆ శక్తి వృథా. పైగా పోస్టు పడిన తొలి 24 గంటల్లో వేసిన ఓటుకే ఓటరుకు పూర్తి ప్రతిఫలం, తర్వాత తగ్గిపోతుంది. రోజూ కూర్చుని పది మంచి పోస్టులు వెతికే ఓపిక ఎవరికి ఉంటుంది? ఆటోవోట్ పెట్టేస్తారు. ఫలానా రచయిత పోస్టు పడగానే, చదివినా చదవకపోయినా, ఓటు పడుతుంది. మొదట్లో ఆ జాబితాల్లోకి ఎక్కినవాళ్లకు నెలనెలా ఆదాయం, ఎక్కనివాళ్లకు ఎంత బాగా రాసినా చిల్లర. ఓటేసేవాడికి తెలుగు రాకపోతే తెలుగు పోస్టు సంగతి చెప్పనక్కర్లేదు. స్పానిష్ రచయితలు అక్కడ నిలదొక్కుకోగలిగారంటే, ముఖ్యంగా వెనిజులావాళ్లు, ఆ భాష చదివి ఓటేసే క్యూరేషన్ బృందాలు, వాళ్ల చేతిలో హైవ్ పవర్ రెండూ ఉండటమే కారణం.

చదవకుండా వేసే ఓటు ఏ దారి పడుతుందో స్టీమ్ 2017 నుంచి 2019 వరకు చూపించింది. అప్పుడు బిడ్ బాట్లు, అంటే డబ్బు తీసుకుని ఓటేసే ప్రోగ్రాములు, రాజ్యమేలాయి. 2 శాతం శక్తి నిండటానికి 2.4 గంటలు పడుతుంది కదా, బాట్ సరిగ్గా ఆ గడువుకోసారి పూర్తి ఓటేసేది. ఆలోగా ఎవరెంత డబ్బు పంపితే ఆ నిష్పత్తిలో ఓటును పంచేది. ఒక్క డాలరు పెట్టి డాలరున్నర రివార్డు కొనుక్కోవచ్చంటే ఎవరు వదులుతారు? ట్రెండింగ్ పేజీ నిండా కొనుక్కున్న పోస్టులే. 2019 ఆగస్టులో 21వ హార్డ్ ఫోర్క్ (నెట్‌వర్కు నియమాల మార్పు) తెచ్చి, క్యూరేటర్ల వాటాను 25 నుంచి 50 శాతానికి పెంచారు, రోజుకు రెండున్నర డౌన్‌ఓట్లు (పోస్టు రివార్డును తగ్గించే ఓట్లు) సొంత ఓటు శక్తి తగ్గకుండా వేసుకునే వీలిచ్చారు. బాట్ల వ్యాపారం గిట్టుబాటు కాకుండా పోయింది. రచయిత వాటాలో కోత పడటం దాని ఖరీదు.

డౌన్‌ఓటు మరో తలనొప్పి తెచ్చింది. కాపీ కొట్టిన పోస్టులకు, ఏఐతో రాయించి సొంతమన్నట్టు పెట్టినవాటికి రివార్డు సున్నా చేయడం న్యాయమే. కానీ 'ఈ పోస్టుకు ఇంత ఎక్కువ' అని పెద్ద ఖాతా ఒకటి అనుకున్నా చాలు, ఆరో రోజున కూడా రివార్డు కరిగిపోతుంది. అప్పీలు చేసుకోవడానికి ఆఫీసంటూ ఉండదు. ఫేస్‌బుక్ మీద కోపంతో వచ్చినవాళ్లు ఎక్కువగా మనసు విరిగేది ఇక్కడే.

ఇంతకీ వికేంద్రీకరణ వల్ల లాభమే లేదా? ఉంది, కాకపోతే అది ఆదాయంలో లేదు. 2020 ఫిబ్రవరిలో ట్రాన్ అనే మరో బ్లాక్‌చెయిన్ అధిపతి జస్టిన్ సన్ స్టీమిట్ సంస్థను కొన్నారు. సంస్థ దగ్గరున్న భారీ కాయిన్ల నిల్వతో నెట్‌వర్కు మొత్తం ఆయన చేతిలోకి పోతుందని విట్‌నెస్‌లు ఆ నిల్వను స్తంభింపజేశారు. మార్చి 2న బైనాన్స్, హువోబీ, పోలోనియెక్స్ ఎక్స్ఛేంజ్‌లలో ఖాతాదారులు దాచుకున్న స్టీమ్‌ను ఆ ఎక్స్ఛేంజ్‌లే లాక్ చేసి, ఆ బలంతో సన్ పక్షపు కొత్త విట్‌నెస్‌లను ఎన్నుకున్నాయి. మార్చి 20న పాత విట్‌నెస్‌లు, డెవలపర్లు గొలుసును చీల్చి హైవ్ పెట్టారు. ఖాతాలు, పోస్టులు, కాయిన్ నిల్వలు దాదాపుగా యథాతథంగా కొత్త గొలుసులోకి వచ్చాయి, స్టీమిట్ సంస్థ నిల్వ తప్ప. ఒక ట్విటర్ ఖాతాదారుడు 2022లో యజమాని మారినప్పుడు ఇలా మూటాముల్లె సర్దుకుని పోగలిగాడా? హైవ్‌లో నిజంగా మీదయ్యేది ఖాతా, రాసిన పోస్టులు, వెంట ఉన్న అనుచరులు. వాటిని కాపాడుకోవడం కూడా మీ బాధ్యతే. ఓనర్, యాక్టివ్, పోస్టింగ్, మెమో అని నాలుగు కీలు ఇస్తారు. రోజువారీ వాడకానికి పోస్టింగ్ కీ చాలు. డబ్బు కదిలించాలంటే యాక్టివ్ కీ కావాలి, అది అడిగే ప్రతి సైటునూ అనుమానించాలి. ఓనర్ కీని ఎవరైనా దొంగిలించి మార్చేస్తే 30 రోజుల్లోపు రికవరీ ఖాతా సాయంతో వెనక్కి తెచ్చుకోవచ్చు. మీరే పోగొట్టుకుంటే మాత్రం 'ఫర్‌గాట్ పాస్‌వర్డ్' అన్న లింకు ఉండదు.

హైవ్‌కు పూర్తి భిన్నమైన దారి 2023 ఆగస్టులో ఫ్రెండ్.టెక్ అనే సోషల్ యాప్ పట్టింది. అక్కడ క్రియేటర్ పేరు మీద 'కీ'లు అమ్మేవారు. ఇవి పైన చెప్పిన పాస్‌వర్డ్ లాంటి కీలు కావు, ఆ క్రియేటర్ చాట్‌లోకి ప్రవేశమిచ్చే టోకెన్లు. అప్పటికి అమ్ముడైన కీల సంఖ్య వర్గాన్ని 16,000తో భాగిస్తే తర్వాతి కీ ధర ఈథర్ అనే క్రిప్టో కాయిన్‌లో వచ్చేది. 10 కీలున్నప్పుడు 0.00625, 100 ఉన్నప్పుడు 0.625. పది రెట్లు మంది చేరితే ధర వంద రెట్లు. ప్రతి కొనుగోలు, అమ్మకం మీద క్రియేటర్‌కు 5 శాతం, వేదికకు 5 శాతం. జాగ్రత్తగా చూస్తే క్రియేటర్ సంపాదించేది తన రాతల మీద కాదు, జనం తన కీని చేతులు మార్చుకుంటున్న వేగం మీద. ధర పెరుగుతుందని కొన్నవాళ్లు పెరగడం ఆగగానే అమ్మేశారు. వ్యాపారం ఆగితే కమీషనూ ఆగుతుంది. 2024 సెప్టెంబర్‌లో వేదిక నిర్వాహకులు కాంట్రాక్టుల నియంత్రణను ఎవరికీ చెందని చిరునామాకు బదిలీ చేసి చేతులు దులుపుకున్నారు.

నాకైతే నాస్టర్‌లోని 'జాప్‌'లు వీటన్నిటికన్నా నిజాయితీగా కనిపిస్తాయి. నాస్టర్ అసలు బ్లాక్‌చెయినే కాదు, సంతకం చేసిన పోస్టులను రిలేలు అనే సర్వర్లు మోసుకెళ్లే పద్ధతి. జాప్ అంటే పాఠకుడు తన బిట్‌కాయిన్‌లోంచి కొన్ని సతోషీలు (బిట్‌కాయిన్‌లో అతి చిన్న భాగాలు) లైట్నింగ్ అనే చెల్లింపుల నెట్‌వర్కు ద్వారా నేరుగా రచయితకు పంపడం. మొత్తం చిన్నదే, కానీ ఇచ్చేవాడికి ఖర్చవుతుంది, కాబట్టి ఆ అంకెకు అర్థం ఉంటుంది. దీనికీ ఒక గేటు తగిలింది. 2023 జూన్‌లో, నాస్టర్ కోసం వాడే డామస్ యాప్‌లో పోస్టుల కింద జాప్ బటన్ ఉండకూడదని ఆపిల్ పట్టుబట్టింది, కంటెంటుకు ముడిపడిన చెల్లింపు తన యాప్ కొనుగోళ్ల ద్వారానే జరగాలని. ప్రోటోకాల్ ఎంత స్వేచ్ఛగా ఉన్నా బటన్ ఐఫోన్‌లో ఉండాలి కదా.

మన దగ్గర నుంచి రాసేవాళ్లకు చివరి కోత పన్ను. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో అమ్మకపు లాభంపై 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్, కలిపి 31.2 శాతం. అదే ఏడాది జులై 1 నుంచి పరిమితి దాటిన అమ్మకాలపై 1 శాతం టీడీఎస్. లాభంలోంచి మినహాయించుకోగలిగేది సంపాదించిన ఖర్చు ఒక్కటే. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరో కాయిన్ లాభంతో సర్దుకోవడానికి లేదు, వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికీ లేదు. రివార్డుగా వచ్చిన కాయిన్‌ను జాగ్రత్తపరులు అందిన రోజు విలువకు మామూలు ఆదాయంగా చూపిస్తారు. అమ్మినప్పుడు ఆ విలువనే కొనుగోలు ధరగా తీసుకుంటారు. 100 రూపాయల విలువున్నప్పుడు అందిన హైవ్ పవర్ 60కి అమ్ముడైతే 100 మీద స్లాబ్ ప్రకారం పన్ను కట్టినట్టే, 40 నష్టం ఎక్కడా లెక్కకు రాదు. అందుకే ప్రతి చెల్లింపుకు తేదీ, కాయిన్ల సంఖ్య, ఆ రోజు రూపాయల్లో ధర మూడూ ఒక షీటులో అప్పటికప్పుడు రాసుకోవాలి. ఫిబ్రవరి, మార్చి నెలల రివార్డుల దగ్గర మరీ జాగ్రత్త: పన్ను లెక్కకు అవి ఈ ఆర్థిక సంవత్సరంలోకి వస్తాయి, 13 వారాల పవర్ డౌన్ పూర్తయ్యేది వచ్చే సంవత్సరంలో.