ఎల్‌బీ నగర్ నాలుగు చోట్ల ఉన్న ఫైలు

అమీర్‌పేటలో మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిచేవారికి పైథాన్, పవర్ బీఐ, డేటా సైన్స్ అని రాసిన బోర్డులు కనబడకుండా పోవు. అవి నేర్చుకోవద్దని నేను అనను. అయితే ఈ నగరంలోనే పదకొండేళ్లుగా ఎక్సెల్ షీట్ల మీద బతుకుతున్న మనిషిగా నాకొక బాధ ఉంది. ఆ కోర్సులు ముగించుకొని వచ్చిన పిల్లలు, వారితో పాటు ఇరవై ఏళ్ల సర్వీసున్న మేనేజర్లు కూడా, షీటును ఇప్పటికీ గీతలు గీసిన కాగితంలాగానే చూస్తున్నారు. కాగితాన్ని మనిషి చదువుతాడు కాబట్టి, కాస్త అటూ ఇటూ రాసినా సర్దుకొని అర్థం చేసుకుంటాడు. షీటును చదివేది సాఫ్ట్‌వేర్. దానికి సర్దుకోవడం తెలియదు.

మా పిన్ని కొడుకు ఈమధ్యే ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర చేరాడు. ఒకరోజు రాత్రి ఫోన్ చేసి, "అన్నా, పివట్ తప్పు చూపిస్తంది, ఎల్‌బీ నగర్ నాలుగుసార్లు వస్తంది" అన్నాడు. పివట్ అంటే వరుసలను పేరు వారీగా కలిపి మొత్తాలు చూపించే పట్టిక. ఫైలు తెప్పించుకొని చూశాను. పేర్లన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. ఒకచోట ఎల్ తర్వాత, బీ తర్వాత చుక్కలున్నాయి, ఇంకోచోట ఆ రెండు అక్షరాల మధ్య ఖాళీ ఉంది, మూడోచోట వాటి మధ్య చుక్కా ఖాళీ ఏమీ లేవు. ఇంతవరకు కంటికి తెలుస్తుంది. నాలుగోది మాత్రం అచ్చం మూడోదానిలాగే ఉంది. పక్క గడిలో అక్షరాలు లెక్కపెట్టే లెన్ ఫార్ములా వేయమన్నాను. మూడోదానికి ఎనిమిది అక్షరాలని, నాలుగోదానికి తొమ్మిదని వచ్చింది. చివర ఖాళీ ఉందని గ్రహించి వాడే, అదనపు ఖాళీలు తీసేసే ట్రిమ్ ఫార్ములా వేశాడు, అయినా తొమ్మిదే. ఆ చిరునామాలను ఎవరో వెబ్‌సైటు నుంచి కాపీ చేసి అతికించారు. వెబ్ పేజీల్లో వాడే ఒకరకం ఖాళీకి కోడ్ 160, మనం స్పేస్ బార్ నొక్కితే పడేదానికి 32. ట్రిమ్ ఈ రెండోదాన్నే తీసేస్తుంది. ఒక అక్షరం బదులు ఇంకొకటి పెట్టే సబ్‌స్టిట్యూట్ ఫార్ములాతో ఆ 160ని తొలగించాక గానీ ఎనిమిది రాలేదు.

నా లెక్కలో డేటా పని అంటే అదే, ఆ తొమ్మిదో అక్షరాన్ని పట్టుకోవడం. మిగతా మూడింటికి ఒక చిన్న పట్టిక చాలు: ఒక నిలువు వరుసలో వచ్చిన పేరు, దాని పక్కన ఉండవలసిన పేరు రాసుకొని, పట్టికలో వెతికి తెచ్చే లుకప్ ఫార్ములాతో మార్చుకోవచ్చు. ఇకముందు ఎంట్రీ చేసేవారు చేత్తో టైపు చేయకుండా, డేటా వాలిడేషన్‌తో జాబితా ఇచ్చి అందులోంచే ఎంచుకొనేలా చేస్తే అసలు ఆ పట్టికతోనే పనుండదు.

తేదీల సంగతి ఇంతకన్నా ఘోరం, ఎందుకంటే అక్కడ తప్పు జరిగినట్టే తెలియదు. కంప్యూటర్ సెట్టింగు అమెరికా పద్ధతిలో ఉందనుకోండి, మనం ఏప్రిల్ మూడు అనుకొని రాసిన 03/04/2024 మార్చి నాలుగైపోతుంది. 13 నుంచి పై తేదీలకు సరిపడే నెల లేక అవి ఉత్త అక్షరాలుగా మిగిలిపోతాయి. ఎక్సెల్ లోపల తేదీ అంటే ఒక అంకె మాత్రమే, 2024 ఏప్రిల్ 1 దానికి 45383. అంకెలను అది కుడివైపుకు, అక్షరాలను ఎడమవైపుకు జరిపి చూపిస్తుంది. అందుకే అమరిక మార్చని నిలువు వరుసలో కొన్ని తేదీలు కుడివైపుకు, కొన్ని ఎడమవైపుకు జరిగి కనిపిస్తే అక్కడే ఆగి చూడాలి. ఈ బెడద మనకొక్కరికే కాదు. మార్చ్ 1, సెప్ట్ 1 వంటి పేర్లున్న మానవ జన్యువులను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే విసిగిపోయి, చివరికి శాస్త్రవేత్తలే 2020లో ఆ జన్యువుల పేర్లు మార్చుకున్నారు. సాఫ్ట్‌వేర్ ముందు జీవశాస్త్రం తలవంచిందని నేను నవ్వుకుంటాను గానీ, నవ్వే హక్కు నాకు పెద్దగా లేదు.

ఎందుకంటే నా మొదటి ఉద్యోగంలో కాంట్రాక్టు సిబ్బంది జీతాల జాబితా తయారుచేసింది నేనే. వారి బ్యాంకు ఖాతా నంబర్లు 16 అంకెలవి. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే దాచుకోగలదు, పదహారోదాన్ని సున్నా చేసేస్తుంది. ఆ వరుసలో ప్రతి నంబరూ సున్నాతోనే ముగుస్తున్నా నా కంటికి ఆనలేదు. చెల్లింపులు వెనక్కి వచ్చాయి, జీతాలు నాలుగు రోజులు ఆలస్యమయ్యాయి. నెలాఖరున ఇంటి అద్దె కట్టవలసినవారికి నాలుగు రోజులంటే ఏమిటో ఆ ఫోన్లు ఎత్తిన నాకు బాగా తెలిసింది. 12 అంకెల ఆధార్ నంబరు మధ్యలో ఇంగ్లిష్ E అక్షరంతో కుదించుకుపోయి కనబడితే జనం కంగారుపడతారు గానీ, అక్కడ అంకెలన్నీ లోపల భద్రంగానే ఉంటాయి. కంగారుపడవలసిన 16 అంకెల చోట తెర మీద చడీచప్పుడూ ఉండదు. నంబర్లు అతికించక ముందే ఆ వరుసను టెక్స్ట్‌గా మార్చుకోవాలి. పోయాక మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు. విలువలను కామాలతో విడదీసి దాచే సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్‌తో తెరవకుండా డేటా ట్యాబ్ నుంచి దిగుమతి చేసుకోమని నేను సతాయించేది కూడా ఇందుకే.

లుకప్ ఫార్ములాల్లో పాతదైన వీలుకప్ గురించి ఒక్కమాట. నాలుగో స్థానంలో ఫాల్స్ అని రాయకపోతే అది దగ్గరగా ఉన్నదాన్ని తెచ్చి పెడుతుంది, తప్పని చెప్పదు. 2019లో ప్రకటించిన ఎక్స్‌లుకప్‌లో ఆ గొడవ లేదు, అదుంటే అదే వాడండి.

వచ్చిన వరుసలెన్ని, పని ముగిశాక మిగిలినవెన్ని అని లెక్క చూసుకొనే అలవాటు మాత్రం ఏ ఫార్ములా నేర్పదు. 2020లో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ అయిన పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్‌లో కోవిడ్ ఫలితాలను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం ఫైళ్లలోకి ఎక్కించేవారు. ఆ రకం షీటులో 65,536 వరుసలే పడతాయి. దాంతో 15,841 కేసులు లెక్కలోకి రాకుండా పోయి, ఆ రోగులను కలిసినవారికి హెచ్చరికలు ఆలస్యంగా వెళ్లాయి. కొత్త రకం ఫైలులో 10,48,576 వరుసలు పడతాయి నిజమే, అయితే అక్కడ లోపించింది జాగా ఒక్కటే కాదు, ఎక్కించిన వెంటనే రెండు సంఖ్యలు పక్కపక్కన పెట్టి చూసే ఏర్పాటు కూడా. పది షార్ట్‌కట్లు నేర్పుతామనే రీల్స్ రోజూ చూస్తున్నాను. ఇప్పటివరకు ఒక్కదానిలోనూ ఈ ముక్క వినలేదు.

ఇక మా మేనేజర్ గారి విషయం. ఆయనకు గడులు కలిపేసి, పైన పసుపు రంగు శీర్షిక పెట్టి, ప్రతి జోన్ కింద మొత్తం వేస్తే తప్ప అది రిపోర్టు కాదు. కలిపిన గడులుంటే సార్టింగ్ మొరాయిస్తుందని, మధ్యలో మొత్తాలుంటే పివట్‌లో అవే రెండోసారి కలిసిపోతాయని ఆయనతో రెండేళ్లు వాదించాను. చివరికి వాదన మానేసి ఫైలులో మూడు షీట్లు పెట్టాను. వచ్చింది వచ్చినట్టు ఉండే మొదటిదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. రెండోది ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీ అనే సాధనం శుభ్రం చేసి ఇచ్చేది. ఒకసారి చేసిన పనిని అది గుర్తుంచుకుంటుంది కాబట్టి, ప్రతి సోమవారం కొత్త డేటా వేసి రిఫ్రెష్ నొక్కితే చాలు. మూడోది ఆయనకు నచ్చిన పసుపు రంగుది. ఆయన దాన్నే ప్రింటు తీయించుకొని మీటింగుకు వెళతారు. మొదటి రెండు షీట్లను నేను హైడ్ చేసి ఉంచుతాను.