మూడు నెలల షుగర్ టెస్టుకు ఒక అనంతపురం వాడి మొర

అయ్యా హెచ్‌బీఏవన్‌సీ గారూ,

మీ పేరు నోరు తిరగడానికే నాకు రెండేళ్లు పట్టింది. ఇంట్లో అందరూ మిమ్మల్ని 'మూడు నెలల టెస్టు' అంటారు, మా ఆవిడ మాత్రం 'సీసీ కెమెరా' అంటుంది.

మీకంటే ఆ ఫాస్టింగ్ టెస్టే నయం. ముందు రెండు రోజులు నోరు కట్టుకుని, రాత్రి ఒక్క జొన్నరొట్టెతో సరిపెట్టి, పొద్దున్నే పోయి చెయ్యి చాపితే 118 వచ్చేది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అటునుంచి అటే టవర్ క్లాక్ వైపు పోయి ఉగ్గాని బజ్జీ తినేవాణ్ని. తగ్గింది కదా అని మాత్ర కూడా మానేశా. తగ్గించింది ఆ మాత్రేనని తట్టలేదు.

మీరొచ్చి అంతా చెడగొట్టారు. చక్కెర పోయి ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుందట, ఆ కణం బతికినన్నాళ్లూ, అంటే సుమారు 120 రోజులు, వదలదట. ఉగాదికి తిన్న ఓళిగలు, బామ్మర్ది పెళ్లిలో రెండోసారి వేయించుకున్న పాయసం, అన్నీ నా రక్తంలోనే పద్దు రాసి ఉన్నాయన్నమాట. మా వీధి శెట్టి కూడా ఇంత లెక్క రాయడప్పా! 7 లోపు ఉండాల్సింది 9 వచ్చింది. అంటే రక్తంలో షుగర్ సగటున 212 అట.

డాక్టరమ్మ కాగితం చూసి, "ఏం తింటున్నారు?" అంది. "బొరుగులే మేడమ్, గాలి తప్ప ఏముంది వాటిలో" అన్నా. బొరుగులూ బియ్యమేనట, పైగా తొందరగా అరిగి షుగర్‌ను గబుక్కున లేపుతాయట. సరే, రాగి సంగటి అని ఎత్తుకుంటే, "ముద్ద ఎంత? దాంట్లో నూకలెంత?" అని పట్టుకుంది. టెంకాయంత అని చూపించబోయి, చేతులు గాల్లో ఉండగానే నిమ్మకాయంతకు కుదించా. ఆమె నవ్వలేదు. మీ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, మళ్లీ మాత్ర రాసింది.

రక్తహీనత ఉన్నోళ్ల దగ్గర మీ లెక్క తప్పొచ్చని విని, ఆశపడి ఆ పరీక్షా చేయించా. హిమోగ్లోబిన్ 14.5. నిక్షేపంగా ఉంది రక్తం, ఏం చేసుకోను!

మళ్లీ జూలైలో కలుస్తాం. ఈలోగా బేనిషా కాలం. మా మామ పంపిన కాయలు మంచం కింద గడ్డిలో మాగుతున్నాయి, ఆ వాసనకు రాత్రి నిద్ర పట్టడం లేదు. ఒక కాయలో సగం నాకు, సగం మావాడికి అని మా ఆవిడ తీర్పు చెప్పింది. టెంక ఎవరిదో చెప్పలేదు. ఆ టెంక మాత్రం మీ పద్దులో రాయొద్దు స్వామీ.

ఇట్లు,
9 పాయింట్ల ముద్దాయి