వీధివైపు వాకిలి

1781లో ఆస్ట్రియాను ఏలిన క్యాథలిక్ హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి రెండవ జోసెఫ్ తన ఏలుబడిలోని ప్రొటెస్టెంట్లకు మతసహన శాసనం ప్రసాదించాడు. ప్రార్థనామందిరం కట్టుకోవచ్చన్నాడు. దానికి గోపురం ఉండకూడదు, గంట మోగకూడదు, వీధివైపు వాకిలి పెట్టకూడదు. ఆ రోజులకు అది పెద్ద అడుగేనని ఒప్పుకోవాలి. కానీ ‘ఉంటే ఉండండి, మా కంటపడకండి’ అన్న ఆ ధోరణికి ఇంకా కాలం చెల్లలేదు.

ఎండను సహిస్తాం, నొప్పిని సహిస్తాం. ఇష్టమైనదాన్ని సహిస్తున్నామని ఎవరూ అనరు. పొరుగువారి భాషను, వేషాన్ని, ప్రార్థనను సహిస్తున్నామని గొప్పగా చెప్పుకుంటున్నామంటే, వారిని బరువుగానే లెక్కిస్తున్నామన్నమాట. పైగా ఆ సహనం ఎన్నాళ్లన్నది సహించేవారి చిత్తం. ఫ్రాన్స్‌లో 1598 నాటి నాంట్ శాసనం ప్రొటెస్టెంట్లకు ఇచ్చిన రక్షణను 1685లో పద్నాలుగో లూయీ రద్దు చేశాడు. వేలాది కుటుంబాలు దొంగచాటుగా సరిహద్దులు దాటాయి. 1893లో చికాగో సర్వమత సభలో వివేకానందుడు సహనంతో ఆగకుండా, అన్ని మతాలనూ సత్యాలుగా అంగీకరిస్తామన్నారు. చప్పట్లు గుర్తున్నంతగా ఆ తేడా మనకు గుర్తులేదు.

తరగతి గదిలో హాజరు పిలుస్తున్నారు. ఒక పేరు దగ్గర టీచరు నోరు తడబడుతుంది, పిల్లలు కిసుక్కున నవ్వుతారు. మర్నాటి నుంచి ఆ పాప తన వంతు రాకముందే చెయ్యెత్తేస్తుంది. ఆ పేరు ఇక ఎవరికీ వినిపించదు. అక్కడ గొడవ లేదు, దూషణ లేదు. ఫిర్యాదు చేయడానికీ ఏమీ లేదు. ‘పేరు ఎలా పలకాలమ్మా?’ అని అడిగి, రెండుసార్లు తప్పి మూడోసారి సరిగ్గా పలకడానికి టీచరుకు నిమిషం పట్టదు.

అంగీకారమంటే ప్రతి ఆచారానికీ తలూపడం కాదు. ఆడపిల్ల చదువు మాన్పించే కట్టుబాటును ఏ సంస్కృతి పేరు చెప్పినా ప్రశ్నించాల్సిందే. తనవాళ్లను ప్రశ్నించినంత నిక్కచ్చిగా, అంతే చనువుగా.

సహనం కూడా కరువైన చోట ముందు అదైనా దక్కాలి, నిజమే. అది దక్కిన చోట మాత్రం ప్రభుత్వాలు, విద్యాసంస్థలు, కార్యాలయాలు ఇక శుభాకాంక్షల ప్రకటనలు తగ్గించి సెలవుల జాబితాలు, దరఖాస్తు ఫారాలు ఒకసారి బయటికి తీయాలి. వాటిని సవరించే కమిటీలో, ఇన్నాళ్లూ ‘ఇతరులు’ అన్న గడిలో టిక్కు పెడుతున్నవారు ఎందరున్నారో కూడా చూడాలి.