దారం తెగనివ్వండి

ఆగస్టు 7 దగ్గరపడుతోందంటే చాలు, అపార్ట్‌మెంట్ సంఘాల నుంచి కాలేజీల దాకా అందరికీ ఒక మగ్గం కావాలి, అది దొరక్కపోతే ఒక రాట్నమైనా కావాలి. 1905లో అదే తేదీన కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైందని 2015 నుంచి ఆ రోజును జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. నేనూ నా పెట్టె చరఖా (పెట్టెలా మడిచేసే చిన్న రాట్నం) సంచిలో పెట్టుకుని వెళ్తుంటాను, డబ్బులేమీ తీసుకోను. వెళ్లిన ప్రతిసారీ ఒకటే అనిపిస్తుంది: జనానికి చూపిస్తున్నది నేత కాదు, నేతలో ఫొటోకి బాగా వచ్చే పది నిమిషాలు.

మగ్గం సంగతే చూడండి. గుంట మగ్గానికి నేల తవ్వాలి, ఫంక్షన్ హాల్లో ఎవరు తవ్వనిస్తారు? అందుకని చిన్న మగ్గం ఒకటి తెస్తారు, పడుగు, అంటే నిలువు పోగుల వరస, ముందే ఎక్కించి ఉంటుంది. నేతన్న కూర్చుని, అడ్డపోగు మోసే నాడెని అటూ ఇటూ ఆడిస్తాడు, టకటకా చప్పుడు, చుట్టూ ఫోన్లు. కండెలు (నాడెలో పెట్టే నూలు చుట్టలు) చుట్టడం, ఆసు పోయడం (మేకుల చుట్టూ పోగు తిప్పి వరస పెట్టడం), గంజి పెట్టి ఆరబెట్టడం, పాత పడుగుకి కొత్త పడుగు ఒక్కో పోగూ అతకడం, ఇవేవీ అక్కడ కనబడవు. వీటిలో చాలా పని ఇంట్లో ఆడవాళ్లదే. ఇక్కత్ చీరకి ఆసు పోయాలంటే చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. నేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం, వాళ్లమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేకే ఆసు యంత్రం చేశారు, ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ కథ అందరం చెప్పుకుంటాం గానీ, ప్రదర్శనలో ఆసు మాత్రం ఉండదు. చెక్క మీద అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టి పిల్లల చేత ఓ ఇరవై నిమిషాలు పోగు తిప్పించండి చాలు, భుజం సంగతి వాళ్లకే తెలుస్తుంది.

రాట్నం దగ్గర ఇంకో రకం తంతు. చక్రం మీద చెయ్యి పెట్టి నవ్వడం, ఫొటో, లేచిపోవడం. 2022 ఆగస్టులో సబర్మతి ఒడ్డున 7,500 మంది ఒకేసారి నూలు వడికారు, వాళ్లకి పని వచ్చు కాబట్టి అది వేరే లెక్క. మన దగ్గరికొచ్చేవాళ్లకి రాదు, ఆ రాకపోవడమే నాకు కావలసింది. ఎడమ చేతిలో ఏకు (దూది చుట్ట), కుడి చేత్తో చక్రం. కదురు (దారానికి పురి ఎక్కించే సన్నటి ఇనుప పుల్ల) తిరిగే వేగానికీ, ఎడమ చెయ్యి వెనక్కి జరిగే వేగానికీ పొత్తు కుదరాలి. తొందరపడి లాగితే పుటుక్కున తెగుతుంది, ఆలస్యం చేస్తే పురి ఎక్కువైపోయి దారం తన చుట్టూ తనే మెలికలు తిరుగుతుంది. మొదట్లో ఎవరు కూర్చున్నా వాళ్ల చెయ్యి పట్టుకుని తెగకుండా కాపాడేదాన్ని. ఇప్పుడు మానేశాను.

నాలుగుసార్లు తెగాక లెక్క చెప్తే చెవికెక్కుతుంది. అంగుళానికి 60 పడుగు పోగులు, 60 పేక (అడ్డ) పోగులు, 45 అంగుళాల పన్నా (వెడల్పు) అనుకుందాం. ఒక్క మీటరు గుడ్డకే ఐదు కిలోమీటర్లు దాటుతుంది నూలు. ఐదున్నర మీటర్ల చీరంటే దాదాపు 30 కిలోమీటర్లు, ఇంచుమించు విజయవాడ నుంచి గుంటూరుకి. గంటకి 300 మీటర్లు వడికే చేతికి వంద గంటలు, నేత ఇంకా మొదలే కాలేదు.

చేనేత, ఖాదీ ఒకటే అనుకునేవాళ్లకి కూడా తేడా ఇక్కడే అర్థమవుతుంది. చేనేతకి నూలు మిల్లుది కావచ్చు, ఖాదీకి నూలూ చేత్తో వడికిందే అయి ఉండాలి. ఖాదీకి పేరున్న శ్రీకాకుళం జిల్లా పొందూరులో అయితే వడకడం కంటే ముందే సగం పని ఉంది: గింజ తియ్యకముందే పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల వరస ఒక్కటి బల్ల మీద పెడితే ఎంత బ్యానరైనా దాని ముందు దిగదుడుపే.

ఇంకో మాట, కాస్త చేదుగానే చెప్పాలి. నిర్వాహకులు నాతో పాటు నేతన్ననీ ఉచితంగా రమ్మంటారు. "నలుగురికీ తెలుస్తుంది కదండీ" అంటారు. నాకిది సరదా, నా జీతం వేరే ఎక్కడో వస్తుంది. ఆయనకి ఆ రోజు మగ్గం ఆగితే కూలి పోయినట్టే. 2019-20 చేనేత గణన ప్రకారం దాదాపు మూడింట రెండు వంతుల నేత కుటుంబాల ఆదాయం నెలకి 5 వేల లోపే. షామియానాకి డబ్బులిస్తారు, మైకుకి ఇస్తారు, మగ్గం మనిషికి మాత్రం శాలువా కప్పుతారు, అదీ ఒక్కోసారి పవర్‌లూమ్‌దే. స్వచ్ఛంద సేవ చెయ్యాల్సింది నాలాంటివాళ్లం. ఆయనకి రోజు కూలి, దారి ఖర్చులు ముందే మాట్లాడితేనే నేనూ వస్తానని ఈ మధ్య చెప్తున్నాను. రెండు చోట్ల ఒప్పుకున్నారు, ఒకచోట మళ్లీ ఫోనే చెయ్యలేదు.

ఇంతా చేస్తే జనం మారిపోతారా అంటే, అంత సీన్ లేదు. మొన్న ఒకావిడ అరగంట కూర్చుని మూరెడు దారం తీసి, వేలికి చుట్టుకుని, సంబరంగా లేచి, నేరుగా పక్క స్టాల్‌కి వెళ్లి బేరం మొదలుపెట్టింది. రెండు వందలు తగ్గించమని పట్టు. కాకపోతే మధ్యలో ఆగి, "ఇది చేత్తో వడికిన నూలేనా, మిల్లుదా?" అని అడిగింది. స్టాల్ కుర్రాడు ఒక్క క్షణం నా వైపు చూసి, "చేనేతేనమ్మా" అన్నాడు.