కాకిపిల్ల కాకికి బయోడీజిల్

ఇంట్లో బయోడీజిల్, అంటే వంటనూనెతో తయారయ్యే డీజిల్ లాంటి ఇంధనం, చేసుకునేవాళ్లకు ఒక ఘోరమైన అన్యాయం జరుగుతోంది. ఎవరూ నోరు విప్పడం లేదు కాబట్టి ఆ పని నేనే మీద వేసుకుంటున్నాను.

మనిషి వాడేసిన వంటనూనెను వడకడతాడు. 60 డిగ్రీల దాకా వేడి చేస్తాడు. మిథనాల్ అనే ఆల్కహాల్‌లో కాస్టిక్ సోడా కరిగించి, కళ్లద్దాలు, గ్లవ్స్ తొడుక్కుని, ఊపిరి బిగబట్టి నూనెలో కలుపుతాడు. గంటసేపు కలియబెట్టి రాత్రంతా తేరనిస్తాడు. తెల్లారేసరికి పైన బంగారు రంగు ద్రవం, కింద మడ్డిలాంటి గ్లిజరిన్. పై ద్రవాన్ని డబ్బాలోకి వంపి, దాని మీద మార్కర్‌తో పెద్దక్షరాల్లో 'బయోడీజిల్' అని రాసుకుంటాడు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు: "ఇది నిజంగా బయోడీజిలేనా?"

డబ్బా మీద రాసి ఉంది కదండీ! ఇంకేం కావాలి?

నా విషయంలో ఆ ప్రశ్న అడిగింది మా బావమరిది. అడిగి ఊరుకోలేదు. మార్కర్ తీసుకుని నేను రాసిన పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

మన పనితనం మీద నమ్మకమున్నవాళ్లకు తరతరాలుగా చాలుతూ వచ్చిన పరీక్షలు మూడు: కంటితో చూడటం, ముక్కుతో వాసన పీల్చడం, రెండు వేళ్ల మధ్య రాసి "ఆ, పల్చగానే ఉంది" అనుకోవడం. మూడోది మానుకోమంటున్నారు. మిగిలిన మిథనాల్ విషమట, సోడా చర్మాన్ని కాలుస్తుందట. పోనీ, రెండు మిగిలాయి. తెల్లనివన్నీ పాలని నమ్మేవాణ్ణి చూసి లోకం నవ్వితే నవ్వనీ. పచ్చగా, తేటగా కనిపించేదల్లా బయోడీజిల్ అని నమ్మేవాడి మీద ఎందుకంత చిన్నచూపు?

"గ్లిజరిన్ కిందికి దిగింది కదరా, పని అయినట్టే కదా" అన్నాను. బావమరిది తలూపలేదు. నూనె అణువుకు మూడు కొవ్వు ఆమ్లాల తోకలుంటాయట. అవి ఒక్కొక్కటిగా తెగి మిథనాల్‌తో కలవాలట. ఒకటి తెగితే డైగ్లిజరైడ్, రెండు తెగితే మోనోగ్లిజరైడ్, మూడూ తెగితేనే గ్లిజరిన్. అడుగున గ్లిజరిన్ కనిపించిందంటే కొన్ని అణువులు గమ్యం చేరాయని మాత్రమే అర్థమట. అంటే నేను బస్సు దిగిన నలుగురిని చూసి బస్సు ఖాళీ అయిందని ప్రకటించానన్నమాట. మిగతావాళ్లు సీట్లలో నిద్రపోతున్నారు.

ఇక ఆ అపకీర్తి తెచ్చిపెట్టిన 3/27 పరీక్ష సంగతి. సన్నగా పొడుగ్గా ఉన్న గాజు గొట్టంలో 27 మిల్లీలీటర్ల మిథనాల్ పోస్తారు. అందులో మన సరుకు 3 మిల్లీలీటర్లు వేసి కుదుపుతారు. బయోడీజిల్ మిథనాల్‌లో కలిసిపోతుంది. మారని నూనె కలవదు, అడుగుకు చేరుతుంది. ఇంతే పరీక్ష. ఒక మనిషి పరువు తీయడానికి ఇంత తక్కువ సామాను చాలడం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

కుదిపాం. తేటగా ఉంది. నేను విజయోత్సవ ప్రసంగం మనసులో దిద్దుకుంటున్నాను. పావుగంట గడిచాక బావమరిది గొట్టాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"బావా, అడుగున అదేంటి?"

"వెలుతురు పడి మెరుస్తోందిరా."

వాడు వెళ్లి లైటు ఆపేశాడు. అది మెరవడం మానేసింది గానీ అక్కడే ఉంది. ఆవగింజంత పసుపు చుక్క, గొట్టం అడుగున ఇల్లు కట్టుకున్నట్టు కూర్చుంది. గొట్టం వంచితే నింపాదిగా జారి, నిలబెడితే మళ్లీ తన చోటికి వచ్చేసింది. అంత క్రమశిక్షణ నా పిల్లల్లో కూడా చూడలేదు.

ఓదార్పుగా గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకున్నాను. కాసేపటికి చుక్క చిన్నదైనట్టు కనిపించింది. "చూశావా, కరుగుతోంది!" అన్నాను. చేతి వేడి తగిలిందని కొట్టిపారేశాడు. మిథనాల్ వెచ్చబడితే మారని నూనెను కూడా కొంత తనలో దాచుకుంటుందట. అందుకే ఈ పరీక్ష 20 డిగ్రీల దగ్గర చేయాలంటారట. మనిషి స్పర్శలోని ఆప్యాయతను కూడా నేరంగా లెక్కగట్టే పరీక్షను ఏమనాలి?

ఇంకో దారుణం వినండి. ఆ చుక్క పడకపోయినా నన్ను వదిలేవారు కాదు. సగం దారిలో ఆగిపోయిన మోనో, డైగ్లిజరైడ్లు మిథనాల్‌లో శుభ్రంగా కరిగిపోతాయి, ఈ పరీక్షకు చిక్కవు. ఫెయిలైతే ఫెయిలైనట్టే, పాసైతే మాత్రం పాసైనట్టు కాదు.

చిక్కనివాటిని పట్టుకోవడానికి ఉతుకు పరీక్ష ఉందన్నాడు. సీసాలో సగం మన ద్రవం, సగం నీళ్లు పోసి, మూత బిగించి పది సెకన్లు కసిగా ఊపాలి. మంచి సరుకైతే అరగంట లోపే నీళ్లు కిందికి, ఇంధనం పైకి, మధ్యలో గీత గీసినట్టు విడిపోతాయి. నాది మర్నాటికి కూడా విడిపోలేదు. సీసా నిండా చిక్కటి తెల్లటి ముద్ద. సృష్టి మొదలైనప్పటి నుంచీ మొహాలు చూసుకోని నూనెనూ నీళ్లనూ నేను ఒక్కటి చేస్తే దాన్ని ఘనత అనలేదు, సబ్బు అన్నాడు. వాడేసిన నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా ఉంటాయి. అవి సోడాను తినేసి సబ్బవుతాయి. ఆ సబ్బూ, సగం మారిన గ్లిజరైడ్లూ కలిసి నీటినీ నూనెనూ పట్టి ఉంచుతాయి. నూనె ఎంత పుల్లబడిందో ముందే కొలిచి దానికి తగ్గట్టు సోడా వేయాల్సింది. నేను కళ్లతో కొలిచాను.

ఇక్కడ నాకు బాధ కలిగించేది వేరే ఉంది. అసలు ఏమీ చేయని వట్టి నూనెను ఇదే సీసాలో ఊపితే హాయిగా విడిపోతుంది. బడి ముఖం చూడని నూనె ఫస్టు, సగం చదివిన నా నూనె ఫెయిలు. అందుకే ఈ రెండు పరీక్షలూ కలిపి చేయాలట, ఒకటి చేసి మురిసిపోకూడదట.

ఆఖరి అస్త్రం తీశాను. "ఇంజిన్‌లో పోశాను, నడిచిందిరా!"

ఈ వాదనకు తిరుగుండదని నా నమ్మకం. కానీ 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతోనే నడిపారట, అంత సాఫీగా నడిచిందట, సంగతి చాలామంది గమనించనే లేదట. ఈ మాట చెప్పింది సాక్షాత్తూ రుడాల్ఫ్ డీజిల్. కాబట్టి ఇంజిన్ నడిచిందంటే ఇంజిన్ మంచిదని రుజువైంది, నా సరుకు మంచిదని కాదు. 40 డిగ్రీల దగ్గర బయోడీజిల్ చిక్కదనం 3.5 నుంచి 5 ఉండాలి, మామూలు నూనెలది 30 నుంచి 40 దాకా ఉంటుంది. అంత చిక్కటిది ఇంజెక్టర్ నుంచి సన్నటి తుంపరగా రాదు. సగం కాలి ఇంజెక్టర్ మొనకు మసి పేరుకుంటుంది, పిస్టన్ రింగులు అతుక్కుంటాయి, ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది. ఇవేవీ మొదటి రోజు తెలియవు. ఇంజిన్ నోరులేని జీవి. ఫిర్యాదు చేయడానికి నెలలు తీసుకుంటుంది, చేసినప్పుడు మెకానిక్ ద్వారా చేస్తుంది.

అసలు ప్రమాణాలు చూస్తే గుండె దడే. యూరప్‌వాళ్ల ఈఎన్ 14214 ప్రకారం ఎస్టర్లు, అంటే మిథనాల్‌తో కలిసిన ఆ తోకలు, కనీసం 96.5 శాతం ఉండాలి. చదువుకున్న రోజుల్లో నాకే ఎప్పుడూ అన్ని మార్కులు రాలేదు, నా నూనెను ఎలా అడగను? మొత్తం గ్లిజరిన్ 0.25 శాతం దాటకూడదు. కిలోకు 500 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ నీరు ఉండకూడదు. ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరికి నిప్పు అంటుకునే వేడి, 101 డిగ్రీలకు తగ్గకూడదు. మిథనాల్ కొంచెం మిగిలినా ఈ ఆఖరిది దబ్బున పడిపోతుంది. ఇవన్నీ తేల్చాలంటే ల్యాబ్‌కే పోవాలి, గాజు గొట్టమూ బావమరిదీ చాలరు. అది నాకు కాస్త ఊరట.

చివరికి వాడి మాటే విన్నాను. మిగిలిన ద్రవాన్ని కొంచెం మిథనాల్‌తో, కొంచెం సోడాతో మళ్లీ వండాను. తెల్లారి చూస్తే అడుగున మళ్లీ గ్లిజరిన్. మొదటిసారే పని అయిపోయి ఉంటే ఇది ఎక్కడి నుంచి వచ్చిందని వాడు అడగలేదు. అడగకుండా నా వంక చూశాడు, అది ఇంకా ఘోరం. 3/27 మళ్లీ చేశాం, 20 డిగ్రీల దగ్గర, గొట్టాన్ని ఎవరూ ముట్టుకోకుండా. చుక్క లేదు.

వెంటనే గ్లవ్స్ తొడుక్కుని, గుడ్డ పేలిక ఒకటి ఆ ద్రవంలోనే ముంచి, డబ్బా మీది ప్రశ్నార్థకాన్ని రుద్దాను. ఒక్క తుడుపుకు పోయింది. దాంతోపాటు 'బయోడీజిల్' అన్న మాటలో సగం కూడా పోయింది.

"చూశావా, ఎలా చెరిపేసిందో! బయోడీజిల్ మంచి సాల్వెంట్ అంటారు. ఇంతకంటే రుజువేం కావాలి?" అన్నాను.

"ఇంకా నీళ్లతో కడగలేదు కదా బావా" అన్నాడు. "మిథనాల్ మిగిలి ఉన్నా మార్కర్ పోతుంది."