క్యాప్స్ లాక్ అనే పోరంబోకు భూమి

పరిష్కరించాల్సిన సమస్యలు దేశంలో చాలా ఉన్నాయి. కీబోర్డు చప్పుడు వాటిలో ఒకటని 2020 దాకా మా వీధిలో ఎవరికీ తెలియదు. ఆ ఏడాది హైదరాబాదులో ఆఫీసుకు తాళం పడి, మా మేనల్లుడు పెట్టె సర్దుకుని కోనసీమలోని మా ఇంటికి వచ్చాడు. మేడ మీద గది ఇచ్చాం. మొదటి రాత్రి రెండు గంటలకు మా అమ్మ లేచి, "వాన పట్టుకుంది, డాబా మీద కొబ్బరి తడిసిపోతుంది, లేవండిరా" అని ఇల్లంతా లేపింది. బయటికి వెళ్లి చూస్తే ఆకాశం నిండా చుక్కలు. వాన పడుతున్నది మేనల్లుడి గదిలో. నీలం స్విచ్చుల మెకానికల్ కీబోర్డు మీద అతను అమెరికా వారికి జవాబు రాస్తున్నాడు.

తెల్లవారాక పెద్దలం కూర్చుని విచారించాం. ఆ చప్పుడు అతనికీ నచ్చడం లేదని తేలింది. మాకు అది ఎక్కువైంది. అతనికి అది సరైన చప్పుడు కాదు.

సరైనది ఎలా ఉండాలో చెప్పమన్నాను. ఒక జాబితా చదివాడు. నొక్కితే తనకు వినపడాలి, పక్క గదికి వినపడకూడదు. బల్ల మీద నుంచి ఒక్క అంగుళం జరగనంత బరువుండాలి, సంచిలో వేసుకుని ఊళ్లు తిరిగేంత తేలిగ్గానూ ఉండాలి. మీటలు తక్కువ ఉండాలి, అవసరమైన మీట ఏదీ లేకుండా పోకూడదు. తీగ ఉండకూడదు, చార్జింగు అయిపోకూడదు. ఇన్ని లక్షణాలున్న అల్లుడి కోసం తొమ్మిదేళ్లు వెతికిన కుటుంబం ఒకటి మా వీధిలోనే ఉంది. ఆ అమ్మాయి చివరకు తనకు నచ్చినవాణ్ణి తానే చేసుకుంది. ఆ సంగతి గుర్తు చేశాను. "ఇది అలాంటిది కాదు మావయ్యగారూ, ఇది జీవితాంతం వాడుకునేది" అన్నాడు.

ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకుంది. కుర్రతనంలో అమలాపురంలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు రెండూ ప్యాసైనవాణ్ణి. నిమిషానికి 45 మాటలు. పెంకుటింట్లో పద్నాలుగు టైపు మిషన్లు ఒక్కసారిగా మోగుతుంటే ఎదురింటివారు తలుపులు బిగించుకుని, అప్పుడప్పుడూ వచ్చి మా మాస్టారితో పోట్లాడేవారు. పంక్తి చివర 'టింగ్' అని గంట కూడా ఉచితం. ఆ మోతను మనుషులు వేలకు వేలు పోసి కొనుక్కునే రోజు వస్తుందని తెలిసి ఉంటే ఆయన ఇన్‌స్టిట్యూట్ మూసేవారు కాదు, ఫీజు పెంచేవారు.

ఇక శాస్త్రం. ఈ రకం కీబోర్డులో ప్రతి మీట కిందా ఒక స్విచ్ ఉంటుంది. ఈ స్విచ్చులకు మూలపురుషుడు చెర్రీ ఎంఎక్స్. జర్మనీలో స్థిరపడిన కంపెనీ ఒకటి 1980ల మొదట్లో తెచ్చింది. నీలం రంగుది క్లిక్కుమంటుంది, గోధుమరంగుది మధ్యలో వేలికి చిన్న గతుకు తగిలిస్తుంది, ఎరుపుది నోరు మెదపకుండా దిగిపోతుంది. ఒక్కో స్విచ్ 5 కోట్ల నొక్కుళ్లు తట్టుకుంటుందని, ఈ మధ్య వచ్చినవి 10 కోట్లు కూడా తట్టుకుంటాయని హామీ. నా విషయంలో అలాంటి హామీ మా డాక్టరుగారు కూడా ఇవ్వలేదు. మీట మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, కానీ 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడిపోతుంది. మరి మిగతా సగం దేనికి? ఈ ప్రశ్న గోదావరి జిల్లాల్లో పుట్టినవాడు అడగకూడదు. అది మర్యాద. కడుపు నిండిందని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాక, ఆ చేతి సందులోంచి మరో రెండు గరిటెలు పడతాయే, ఆ రెండు మిల్లీమీటర్లవి.

మేనల్లుడు వెతుకుతున్న చప్పుడు పేరు 'థాక్'. లోతుగా, గుండ్రంగా, ఒక్క దెబ్బతో ముగిసిపోవాలి. దాని కోసం పెట్టె అడుగున నురుగు పరుస్తారు, సర్క్యూటు బోర్డు వీపున వరసలుగా టేపు అంటిస్తారు, స్విచ్చులు కూర్చునే పలక ఇత్తడిదా, అల్యూమినియందా, ప్లాస్టిక్‌దా అని నెలల తరబడి తగువులాడతారు. ఇదంతా వింటుంటే నాకు అంబాజీపేట జ్ఞాపకం వచ్చింది. అక్కడి కొబ్బరి వర్తకుడు కాయను చెవి దగ్గర ఒక్కసారి ఆడించి, వేలితో ఒక్కసారి తట్టి, లేతదో, ముదిరిందో, లోపల ఎండి గలగలలాడే కురిడీ అయిందో చెప్పేస్తాడు. ధర కూడా ఆ దెబ్బతోనే పలుకుతుంది. కాయ తట్టి, కుండ తట్టి, పనసపండు తట్టి చప్పుడును బట్టి బేరం చేయడం మా డెల్టా వారికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ప్రపంచంలోని కీబోర్డులన్నిటికీ తీర్పు చెప్పగల న్యాయస్థానం అంబాజీపేటలో సిద్ధంగా ఉండగా, ఈ కుర్రవాళ్లు మైకులు పెట్టి రికార్డు చేసుకుని, ఊరూ పేరూ తెలియని పరదేశి వారికి వినిపించుకోవడం నాకు బాధ కలిగించింది.

ఆ బాధలో ఒక పొరపాటు చేశాను. స్విచ్చులకు కందెన వేయాలట. ఒక్కొక్కటీ విప్పి, చిత్రకారుల కుంచెతో, వేలెడంత సీసాలోంచి తీసిన ప్రత్యేకమైన గ్రీజు పూయాలి. సీసా ధర విని, ఇంట్లో గానుగ నూనె ఉండగా ఇదెందుకని, అతను ఊళ్లో లేనప్పుడు కుంచె కొబ్బరినూనెలో ముంచాను. వారం రోజులు కీబోర్డు వెన్నలా నడిచింది. ఎనిమిదో రోజు చీమలు వచ్చాయి. అది చిన్న విషయం. ధనుర్మాసం వచ్చింది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుందని తలకు రాసుకునే ప్రతివాడికీ తెలుసు, స్విచ్‌కు రాసేటప్పుడు నాకు తోచలేదు. తెల్లవారుజామున మేనల్లుడు మీట నొక్కితే దిగిన మీట దిగినట్టే ఉంది. అమెరికా మీటింగులో అతని జవాబు ఒకే అక్షరంతో పేజీన్నర వెళ్లింది. పది గంటలకు ఎండెక్కాక అన్నీ మామూలయ్యాయి. ఆదర్శ కీబోర్డును ఎండలో పెట్టాల్సిన అవసరం ఉండకూడదని జాబితాలో నేనే ఒక పంక్తి చేర్చించాను.

పరిమాణం, ధర గురించి ఎక్కువ చెప్పను, రక్తపోటు పెరుగుతుంది. నిండు కీబోర్డుకు 104 మీటలు. అంకెల భాగం కోసేస్తే 87. బాణం గుర్తులు, పైవరస మీటలు వగైరా కూడా పీకేస్తే 61. మేనల్లుడు చూపించినవాటిలో మీటలు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. మా వైపు ఇలా పెరిగేది పులస ఒక్కటే. అదే చేప సముద్రంలో ఉన్నంత కాలం ఎవరూ పట్టించుకోరు, వరద నీటికి ఎదురీది గోదావరిలోకి రాగానే పుస్తెలమ్మైనా తినాలంటారు. దానికైనా ఎదురీదిన కష్టం ఉంది. 61 మీటల దానికి ఏ కష్టం ఉందో నాకు బోధపడలేదు. పైగా అతనికి నచ్చినదాన్ని కొట్లో అమ్మరు. గ్రూప్ బై అంటారు. అందరూ ముందు డబ్బు కట్టి, ఏడాది, ఏడాదిన్నర ఎదురుచూడాలి. మేము దీన్ని చీటీ అంటాం. తేడా ఏమిటంటే, చీటీలో చివర్న డబ్బు వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఏడాదిన్నర తర్వాత వచ్చిన మీటల మీద జపనీసు అక్షరాలున్నాయి. మేనల్లుడికి జపనీసు రాదు. "చూడటానికి బాగుంటాయి కదండీ" అన్నాడు. చూడటానికి బాగుండే గుండ్రటి అక్షరాలు ఒక యాభై ఆరు మన దగ్గర కూడా ఉన్నట్లు చిన్నప్పుడు పలక మీద దిద్దిన గుర్తు. అవి కావాలని అతని జాబితాలో లేదు. నురుగు ఉంది, టేపు ఉంది, 1.68 కోట్ల రంగుల్లో వెలిగే దీపాలున్నాయి (కనుమ నాడు జగ్గన్నతోటకు పదకొండు ప్రభలు వచ్చినా అన్ని రంగులు ఉండవు), తెలుగు లేదు. అందుకే డెల్టా పక్షాన ఈ అర్జీ.

మొదటిది, క్యాప్స్ లాక్. తెలుగులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అని తేడా లేదు. మన రాతలో అందరూ ఒకే ఎత్తు. అయినా ఎడమ చిటికెన వేలి పక్కన, అంత విశాలమైన స్థలాన్ని ఆ మీట ఊరికే ఆక్రమించుకుని ఉంది. సెంటు స్థలం కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కే ప్రాంతం మాది. అలాంటి చోట రోడ్డు మీద మూల బిట్టు పోరంబోకుగా పడి ఉంటే చూస్తూ ఊరుకుంటామా? దాన్ని వెంటనే 'అండి'కి కేటాయించాలి. గోదావరి మనిషి వాక్యం 'అండి' లేకుండా ముగియదు. 'వచ్చానండి' అని రాయాలంటే సున్నా, డకారం, గుడి, మూడు నొక్కుళ్లు. రోజుకు ఎన్ని వాక్యాలో లెక్క వేసుకోండి, మా మర్యాదకు ఎంత శ్రమ అవుతోందో తెలుస్తుంది. ఒక్క మీటకు ఒక మాట మొత్తం తగిలించే ఉచిత సాఫ్ట్‌వేరు క్యూఎంకే అని ఒకటి ఉందట, అంటే నిధుల కొరత అనే సాకు కూడా చెల్లదు. రెండుసార్లు నొక్కితే 'ఆయ్' రావాలి.

రెండోది, బ్యాక్‌స్పేస్. 'స్వాతంత్ర్యం' అని రాయండి. చదివేవాడికి మూడు అక్షరాలు. రాసేవాడికి పన్నెండు నొక్కుళ్లు, అందులో మూడు పొల్లులు. అది సాధించుకున్నదే కాబట్టి కష్టపడటంలో తప్పులేదు. పోగొట్టుకోవడం మాత్రం ఇంత కష్టంగా ఎందుకుండాలి? ఆ 'త్ర్యం' ఒక్కటి చెరపాలంటే ఆరుసార్లు నొక్కాలి. ముందు సున్నా పోతుంది, తర్వాత యకారం, తర్వాత పొల్లు, ఆ తర్వాత రకారం, మళ్లీ పొల్లు, ఆఖర్న త. పీచు తీసి, చిప్ప కొట్టి, కొబ్బరి కోరినట్లు. ఒక్క దెబ్బకు అక్షరం అక్షరంగా పోయే మీట కావాలి.

మూడోది చిన్నది. చూడకుండానే వేళ్లు నిలిపేందుకు ఎఫ్, జె మీటల మీద బొడిపెలుంటాయి. తెలుగు టైపుకు ప్రభుత్వం వారు పెట్టిన ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో జె అంటే ర, ఎఫ్ అంటే గుడి. రెండూ కలిపితే 'రి'. కళ్లు మూసుకుని తడిమిన ప్రతి తెలుగువాడికీ మొదట తగిలేది రిపేరులోని 'రి' అన్నమాట. దీన్ని ఎవరు, ఏ ముహూర్తాన నిర్ణయించారో గానీ, దూరదృష్టి ఉంది.

నాలుగోది వరస. క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్ అనే ఈ అమరిక దాదాపు ఈ రూపంలోనే 1874లో రెమింగ్టన్ వారు అమ్మిన టైపురైటరుతో లోకం మీదికి వచ్చింది. మా ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర 1852 నాటికే పూర్తి చేశాడు. అంటే ఆనకట్టే ఇరవై రెండేళ్లు పెద్దది. అది పాతబడితే కొత్త బ్యారేజీ కట్టుకున్నాం. కాలువలకు ఏటా వేసవిలో నీళ్లు ఆపి పూడిక తీస్తాం, తీయకపోతే ధర్నా చేస్తాం. ఈ అక్షరాల కాలువకు నూట యాభై ఏళ్లుగా పూడిక తీసినవాడు లేడు. 1936లో అమెరికాలో డ్వోరాక్ అనే ఆచార్యుడు కొత్త వరసకు పేటెంటు తీసుకున్నాడు. ఆయకట్టు రైతులు ఒప్పుకోలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆధునికుల తెలివిని మెచ్చుకోవాలి. రెండు ముక్కల కీబోర్డు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలినట్లు ఎడమ చేతికొకటి, కుడి చేతికొకటి. వసిష్ఠలోంచి వైనతేయ విడిపోయినట్లు అంకెల ముక్క వేరు. మధ్యలో మిగిలిన చోటు కోనసీమ. అక్కడ స్టీలు గ్లాసులో కాఫీ పెట్టుకోవచ్చు. వరద వస్తే ముందు మునిగేది మధ్య లంకలే కదా అని మేనల్లుడి భయం. కాఫీ గ్లాసు అక్కడే తిరగబడింది కూడా, ఆ రోజు మా అమ్మ చేతి నుంచి. దుమ్ము పడకుండా కప్పిన నర్సాపురం లేసు గుడ్డ ఒక్కటి పాడైంది, లోపలిది బతికింది. లేసు గుడ్డ అతని జాబితాలో ఇప్పుడు శాశ్వత సభ్యురాలు.

ఈ అర్జీ ఎవరికి పంపాలో తేలకపోవడంతో, ముందు న్యాయస్థానం తీర్పు తీసుకుందామని మొన్న ఆదివారం కీబోర్డును అంబాజీపేట తీసుకెళ్లాం. నాకు తెలిసిన వర్తకుడు కాయల రాశి పక్కన కూర్చుని ఉన్నాడు. మేనల్లుడు సంచిలోంచి తీసి, తన ప్రాణం లాంటి 'థాక్' ఒక్కొక్క మీట మీదా వినిపించాడు. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ఏమీ అనలేదు. చివర్న స్పేస్ బార్ వంతు వచ్చింది. దాని కింద తీగ ఎక్కడో వదులై గలగలమంటుంది, ఆ గలగల పోగొట్టడానికి మేనల్లుడు రెండేళ్లుగా తపస్సు చేస్తున్నాడు. సిగ్గుపడుతూ నెమ్మదిగా నొక్కాడు.

ఆయన కళ్లు తెరిచాడు. కీబోర్డును రెండు చేతులతో ఎత్తి, చెవి దగ్గర ఆడించాడు.

"మిగతావన్నీ పచ్చికాయలేనండి. ఇదొక్కటే కురిడీ అయింది. దీనికి మంచి ధర ఇస్తాను, ఇలాంటివి ఇంట్లో ఇంకెన్ని ఉన్నాయి?" అన్నాడు.