పంపనన్న వైద్యురాలు

2014 జులై 20న నైజీరియాలోని లాగోస్ విమానాశ్రయంలో దిగిన లైబీరియా అధికారి ప్యాట్రిక్ సాయర్ అక్కడే కుప్పకూలాడు. ప్రభుత్వ వైద్యులు సమ్మెలో ఉండటంతో ఆయనను ఒక ప్రైవేటు ఆస్పత్రికి తరలించారు. మొదట మలేరియా అనుకున్నారు. మర్నాడు రౌండ్స్‌కు వచ్చిన సీనియర్ వైద్యురాలు అమేయో స్టెల్లా అడాడెవోకు ఆ మాట రుచించలేదు. ఇది ప్రాణాంతక అంటువ్యాధి ఎబోలా కావచ్చని అనుమానించారు. ఎబోలా రోగుల దగ్గరికే వెళ్లలేదని సాయర్ చెబుతున్నా ఆమె నమ్మలేదు. రక్త పరీక్షలు చేయించి, ఆరోగ్య శాఖకు కబురు పంపి, ఆయనను గది దాటనివ్వలేదు. నైజీరియాలో అంతవరకు ఎబోలా అడుగుపెట్టలేదు. ఆ ఆస్పత్రిలో ఐసోలేషన్ వార్డు లేదు, సరైన రక్షణ దుస్తులూ లేవు.

ఒత్తిళ్లు వెంటనే మొదలయ్యాయి. నైజీరియాలోనే ఉన్న కలబార్ నగరంలో జరిగే ఎకోవాస్ (పశ్చిమాఫ్రికా దేశాల కూటమి) సమావేశానికి సాయర్ వెళ్లాలి, వదిలిపెట్టండంటూ లైబీరియా అధికారులు పట్టుబట్టారు. వదలకపోతే మనిషిని అపహరించినట్లేనని, హక్కులను కాలరాసినట్లేనని బెదిరించారు. పరీక్ష ఫలితం ఇంకా చేతికి రాలేదు. అనుమానం తప్పయితే నింద మోయాల్సింది ఆమె ఒక్కరే. అయినా పంపనన్నారు. ఆమె ధైర్యమంతా ఆ కొద్ది రోజుల్లోనే ఉందని మేము భావిస్తున్నాం.

సాయర్ జులై 25న మరణించాడు. ఆ ఆస్పత్రి సిబ్బందిలో పలువురికి వ్యాధి సోకింది. ఆగస్టు 19న డాక్టర్ అడాడెవో కూడా కన్నుమూశారు. వయసు 57.

సాయర్‌ను వదిలి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోనక్కర్లేదు. ఆయనను కలిసినవారిలో ఒకరు నిఘా తప్పించుకుని నైజీరియాలోని మరో నగరం పోర్ట్ హార్కోర్ట్ చేరారు. అక్కడ వైద్యం చేసిన డాక్టరు ప్రాణం పోయింది, వందలమందిపై నిఘా పెట్టాల్సి వచ్చింది. ఇదంతా ఒక్క మనిషి జారిపోయినందుకే! పోలియో నిర్మూలనకు పెట్టుకున్న యంత్రాంగాన్నే నైజీరియా ఎబోలా పైకి మళ్లించింది. దాదాపు 900 మందిని ఇంటింటికీ తిరిగి గమనించింది. కోట్ల జనాభా ఉన్న లాగోస్‌ను తాకిన వ్యాధి దేశం మొత్తంమీద 20 కేసులు, 8 మరణాలతో ఆగింది. అక్టోబరు 20న ప్రపంచ ఆరోగ్య సంస్థ నైజీరియాను ఎబోలా రహితంగా ప్రకటించింది. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో మాత్రం ఆ మహమ్మారి 11 వేలమందికి పైగా పొట్టనబెట్టుకుంది. నిఘా బృందాల శ్రమ తక్కువదేమీ కాదు. కానీ ఎవరి వెంట పడాలో వారికి తెలిసిందంటే, మొదటి రోగి ఒక గదిలో ఉండబట్టే.

మన దేశంలో 2020లో అంటువ్యాధుల చట్టాన్ని సవరించి, వైద్య సిబ్బందిపై దాడిని బెయిలు దొరకని నేరంగా మార్చారు. మంచిదే. అయితే అడాడెవో మీద ఎవరూ చేయి చేసుకోలేదు. ఆమెను వంచజూసింది పదవుల్లో ఉన్నవారి మాట. అలాంటి మాట మన జిల్లా ఆస్పత్రి డ్యూటీ డాక్టరుకు అర్ధరాత్రి ఫోనులో వినిపిస్తే, జవాబు చెప్పాల్సిన భారం ఆ డాక్టరుది కాకూడదు. ప్రమాదకర అంటువ్యాధి అనుమానం ఉన్న రోగిని పంపాలా వద్దా అన్నది చికిత్స చేసే వైద్యుడి నిర్ణయమేనని, దానికి ఆరోగ్య శాఖే బాధ్యత వహిస్తుందని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ లిఖితపూర్వకంగా ఉత్తర్వులివ్వాలి.